పత్తిచేను చేతులు... పెళ్లి పూలగుత్తులు

మల్దకల్: వైశాఖంలో ముహూర్తం పెట్టుకున్న పెళ్లింటివారికి బియ్యం, పప్పుల కన్నా, పందిరి గుంజల కన్నా ఎక్కువ బెంగ పూల గురించే. కృష్ణా, తుంగభద్ర నదుల నడుమనున్న నడిగడ్డలో ఆ నెల ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. తెల్లవారుజామున కర్నూలు నుంచో, రాయచూరు నుంచో తడి గోనెపట్టాలో చుట్టి తెచ్చిన గులాబీలు మల్దకల్ పందిట్లోకి చేరేసరికి మెడలు వాలుస్తాయి. పెళ్లికూతురు పీటల మీద కూర్చునే వేళకు ఆమె చేతిలోని పూలగుత్తి ఫొటోకు పనికిరాకుండా పోతుంది. ఫొటో అయితే నలభై, యాభై ఏళ్లు గోడకు వేలాడుతుంది. వాడిన పూలు కూడా అన్నేళ్లూ అందులో వాడిపోయే ఉంటాయి.

ఈ చిక్కుకు ఇంటి ఆడవాళ్లు ఎరిగిన పాత మందు ఒకటుంది. అదే కాగితం పూలు. ఇది చౌక వేషమనీ, గతిలేక చేసేదనీ ముక్కు విరిచేవారు లేకపోలేదు. వాసన లేని దానికి కాగితం పూలతో పోలిక చెప్పడం మనవారికి పరిపాటి. పెరట్లో రాళ్లనేలలో కూడా నవ్వుతూ నిలబడే బోగన్‌విల్లాను సైతం మనం కాగితం పూల చెట్టనే పిలుస్తాం. అందులో మెచ్చుకోలు ఎంతో, ఎకసెక్కం కూడా అంతే. అయినా ఒక పూలగుత్తి చేయడానికి ఎన్ని చేతులు, ఎన్ని రాత్రులు పడతాయో దగ్గర కూర్చుని చూసినవారు మాత్రం ఆ మాట అనరు.

గుత్తి కొత్తది, పువ్వు పాతది

గద్వాల నుంచి అయిజకు వెళ్లే దారిలో ఉన్న మల్దకల్ పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేది తిమ్మప్ప. స్వయంభువుగా వెలసిన లక్ష్మీ వేంకటేశ్వరస్వామిని ఇక్కడివారు పిలుచుకునే పేరది. మార్గశిరంలో జాతర జరిగినప్పుడు రంగు కాగితాల కొనుగోలు కూడా సాగుతుంది. జాతర అంగళ్లకు, బండ్లకు, ఇళ్ల గుమ్మాలకు కత్తిరించిన తోరణాలు కట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. పీర్ల పండుగకు జల్లీ కాగితాలూ, రంగు పూలూ కావలసిందే. పెళ్లి పందిరికి దారం మీద అంటించిన ముక్కోణపు జెండాలు సరేసరి. ఈ పనుల్లో తల పండిన ముసలమ్మకు కత్తెర ఇస్తే చాలు, గీత గీయకుండానే పదహారు మడతల కాగితంలోంచి చిలుకల వరుస తీయగలదు.

చేతిలో పట్టుకునే గుత్తి మాత్రం మన పెళ్లికి తరవాత వచ్చిన అలంకారం. తెలుగు పెళ్లిలో పూల చెండ్లాట ఉంది, పూలజడ ఉంది, దండలు మార్చుకోవడం ఉంది. వధువు చేతిలో గుత్తి పట్టుకోవడం చర్చి పెళ్లిళ్ల ఆచారం. పాత పాలమూరు జిల్లాలో నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల వంటిచోట్ల మెన్నొనైట్ బ్రెదరెన్ మిషన్ పనిచేసింది. ఆ సంఘాల పెళ్లిళ్లలో తెల్లచీర కట్టిన పెళ్లికూతురి చేతిలో గుత్తి చూడవచ్చు. ఫొటోగ్రాఫర్లు, రిసెప్షన్ సోఫాలు వచ్చాక మతంతో పనిలేకుండా అది అన్ని పందిళ్లలోకీ నడిచి వచ్చింది. ఎదురుకోళ్లలో వియ్యాలవారికి చేతికిచ్చేందుకు చిన్న గుత్తులు, వేదిక మీద వధూవరులకు పెద్ద గుత్తులు అడుగుతున్నారు. ఒక్క పెళ్లికి నాలుగైదు గుత్తులు కావలసి వచ్చినప్పుడు తాజా పూల ఖర్చు తడిసి మోపెడవుతుంది.

పువ్వును పట్టడం వచ్చిన ఊరు

కాగితం పూలు ఏ ఊళ్లోనైనా చేస్తారు. మల్దకల్ పరిసరాల్లో మాత్రం దీనికి ఒక విశేషం ఉంది. ఇది సీడ్ పత్తి సీమ. సంకర జాతి పత్తి విత్తనాన్ని చేతులతో తయారుచేసే పని ఈ ప్రాంతపు ఆడవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. దేశంలో మొదటి సంకర పత్తి హెచ్-4 సూరత్ పరిశోధన కేంద్రం నుంచి 1970లో వెలువడింది. అక్కడ శాస్త్రవేత్త చేసిన పనినే ఇక్కడ కూలి తల్లి పొద్దుగూకేవేళ చేలో వంగి చేస్తోంది.

ఆ పని ఎలా ఉంటుందంటే, మరునాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే గుర్తుపట్టాలి. బొటనవేలి గోటితో రేకలూ, పుప్పొడి గొట్టమూ కలిపి ఒలిచేయాలి. లోపలి కీలం మాత్రం చెక్కుచెదరకూడదు. గోరు ఒక వెంట్రుక లోతుగా దిగిందా, కాయ రాలిపోయినట్లే. మరునాడు పొద్దున మగ మొక్క పువ్వును తెచ్చి ఆ కీలానికి పుప్పొడి అద్దాలి. ఒలిచిన మొగ్గకు ఎర్రని పల్చటి కాగితపు సంచీ తొడగాలని, అద్దిన తరవాత తెల్లది తొడగాలని వ్యవసాయ పాఠాల్లో చెబుతారు. అంటే చేలో కూడా పువ్వుకు కాగితం చుట్టే పనే! ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఒక్కో మనిషి చేతిలో వేల మొగ్గలు ఇలా నడుస్తాయి.

ఈ చేతులు ఇంటికొచ్చి కాగితం పట్టుకుంటే వేరే పాఠం అక్కర లేదు. రేకను ఎంత గట్టిగా పట్టాలో, ఎక్కడ వదలాలో ఆ వేళ్లకు తెలుసు. అయితే ఒక మాట చెప్పక తప్పదు. పత్తి పనిలో చిన్నపిల్లల వేళ్లు సన్నగా ఉంటాయనే సాకుతో వారిని బడి మాన్పించి చేలకు తోలిన సంగతి ఈ ప్రాంతానికి మచ్చగా మిగిలింది. పువ్వును పట్టే నేర్పు బడికి పోయి వచ్చిన తరవాత, ఇంట్లో, పెద్దమ్మ పక్కన కూర్చుని నేర్చుకుంటే ముచ్చటే. కూలికి నేర్చుకోవలసి రావడం ముచ్చట కాదు.

దూది మొగ్గ, ముడతల రేక

ఇక పని విషయానికి వద్దాం. కావలసిన సరంజామా పెద్దదేమీ కాదు. ముడతల కాగితం (దుకాణంలో క్రేప్ కాగితం అని అడగాలి), సన్నని ఇనుప తీగ, ఆకుపచ్చ కాగితపు పట్టీ, దారం, దూది, బంక, కత్తెర. బంక కొనవలసిన పని లేదు. మైదాను నీళ్లలో కలిపి సన్నసెగ మీద గరిటె జారుడుగా ఉడికిస్తే సరిపోతుంది. పురుగు పట్టకుండా పుస్తకాలు కుట్టేవారు ఇందులో చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. అది విషం గనుక పిల్లలున్న ఇంట్లో కలపకపోవడమే మంచిది. తుమ్మచెట్టు బంకను నీళ్లలో నానబెట్టి వాడినా బాగానే పట్టుకుంటుంది.

ముడతల కాగితానికి ఒక గుణం ఉంది. ముడతలు ఒక వైపుకే ఉంటాయి. వాటికి అడ్డంగా లాగితే కాగితం సాగుతుంది, వాటి వెంట లాగితే సాగదు. కొత్తగా కత్తెర పట్టినవారు చేసే పొరపాటు ఇక్కడే. కాగితం ఆదా అవుతుంది కదా అని ఎటుపడితే అటు రేకలు కత్తిరిస్తారు. ముడతలు రేక మొదలు నుంచి కొన దాకా నిలువుగా ఉంటేనే రెండు బొటనవేళ్లతో మధ్యలో సాగదీసినప్పుడు రేక దోసిలిలా గుంట పడుతుంది. అడ్డంగా ఉంటే ఎంత లాగినా అది రేక కాదు, చీటీ ముక్క.

గులాబీకి మొదట తీగ కొన వంచి, దానికి గోలీ అంత దూది ఉండ చుట్టాలి. ఆ దూది కోసం ఈ ఊళ్లో దుకాణానికి పోనక్కర లేదని వేరే చెప్పాలా? దాని మీద ఒక రేక బిగుతుగా కప్పితే మొగ్గ. మొగ్గ చుట్టూ మూడు చిన్న రేకలు, వాటి పైన అయిదు, వెలుపల ఏడు. ఒక్కో రేక కింది రేకను సగం కప్పుతూ రావాలి. ప్రతి వరుసకూ దారంతో రెండు చుట్లు బిగించాలి. వెలుపలి రేకల అంచులను చీపురుపుల్లకో, పెన్సిలుకో చుట్టి వదిలితే బయటికి వంగుతాయి. అన్నీ ఒకేలా వంచితే పువ్వు కుట్టుమిషను మీద చేసినట్టుంటుంది. ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా వంచాలి. నిజం గులాబీని ఒకసారి ఎదురుగా పెట్టుకుని చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది.

పువ్వును చూసి కాగితం కోయడమనేది చిన్న విద్య కాదు. ఇంగ్లండులో మేరీ డెలానీ అనే వృద్ధురాలు 72వ ఏట ఈ పని మొదలుపెట్టి, పదేళ్లలో వెయ్యికి కొద్దిగా తక్కువగా పూలమొక్కల బొమ్మలను రంగు కాగితాలు కత్తిరించి అంటించి చేసింది. అవి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కళ్లు మసకబారి ఆమె కత్తెర దించిన సంవత్సరం 1782.

పూలు తయారయ్యాక గుత్తి కట్టడం మరొక ఎత్తు. పెద్ద పువ్వు నడుమ, దాని చుట్టూ కాస్త కిందికి దిగుతూ మిగతావి, సందుల్లో చిన్న మొగ్గలూ ఆకులూ రావాలి. తీగలన్నీ ఒకే చోట మెలితిప్పి పిడి చేస్తారు. జొన్న దంటు ఎండబెట్టి పై బెరడు ఒలిస్తే వచ్చే తేలికైన బెండును పిడి నడుమ పెట్టి తీగలు చుడితే గుత్తికి బరువు పెరగకుండా చేతినిండా పట్టు దొరుకుతుంది. చిన్నప్పుడు అదే బెండుతో బండ్లు చేసుకున్నవారికి ఈ కిటుకు ఇట్టే తడుతుంది.

వాసన లేదన్న లోటు తీర్చాలంటే రెండు మరువం రెమ్మలో, గుప్పెడు దవనమో సందుల్లో దోపితే చాలు. అయితే వాటిని పొడిగుడ్డతో తుడిచి మరీ దోపాలి. ఎందుకో చెప్పుకోవలసింది ముందుంది.

గద్వాల చీరకు గండం

కాగితం పూలతో అసలు భయం అవి చిరిగిపోతాయని కాదు, రంగు కారతాయని. ముడతల కాగితానికి వేసే రంగు చాలావరకు తడి తగిలితే వదిలేసేదే. చెమట పట్టిన అరచేయి చాలు, పసుపునీళ్ల చుక్క చాలు. ఎర్ర గులాబీ నుంచి కారిన చుక్క తెల్లటి నూలు మీద పడితే ఉతికినా పోదు.

గద్వాల చీర సంగతి తెలిసినదే. ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. వేరువేరుగా సాగే ఆ రెంటినీ మగ్గం మీదే పోగుపోగుకూ ముడివేసి కలుపుతారు. జరీ అంచు ఒక ఎత్తయితే, ఆ కలిపిన చోటి పనితనం ఒక ఎత్తు. నేతగాడు రోజుల తరబడి కూర్చుని నేసిన చీర మీద పూలగుత్తి మరక పడితే ఇంటిల్లిపాదికీ పండుగ చప్పబడుతుంది. ఒకరి చేతిపని మరొకరి చేతిపనిని చెడగొట్టిందన్న మాట. పెళ్లికూతురికి ఆ చీర పుట్టింటి గుర్తు గనుక ఆమె దాన్ని పారేయలేదు, కట్టుకోలేదు.

కనుక గుత్తికి కాగితం కొనేటప్పుడే ఒక ముక్క చించి, తడిపిన తెల్లగుడ్డ మీద రుద్ది చూడాలి. గుడ్డకు రంగు ఎక్కితే ఆ కాగితం తోరణానికి పనికొస్తుంది, పెళ్లికూతురి చేతికి కాదు. ముదురు ఎరుపు, వంగపండు, నీలం రంగులే ఎక్కువగా మోసం చేస్తాయి. లేత గులాబి, మీగడ రంగులు కొంత నయం. పసుపుతో తడిసే చేతులకు మీగడ రంగు పూలే అందం కూడా.

కరిగించిన మైనంలో పువ్వును తలకిందులుగా ముంచి, వెంటనే తీసి విదిలించే పద్ధతి ఒకటుంది. మైనం పట్టిన రేకకు నీళ్లు అంటవు, నిగారింపు వస్తుంది. మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. నీళ్లు మరిగే గిన్నెలో మరో గిన్నె ఉంచి అందులో కరిగించాలి. మైనం ముంచిన పువ్వు పెళుసుగా ఉంటుంది గనుక రేకలన్నీ వంచిన తరవాతే ముంచాలి. పైగా దానికి నిప్పంటే ప్రాణభయం. మామూలు కాగితమే అగ్గికి ఆహుతయ్యేది, దానికి మైనం తోడైతే ఇక వత్తే. హోమం దగ్గర, దీపపు సెమ్మెల దగ్గర గుత్తి చేతిలో ఉండకూడదు. జీలకర్ర బెల్లం పెట్టేవేళకు, తలంబ్రాల వేళకు దాన్ని తోటి పెళ్లికూతురికి అప్పగించి, ఫొటోల వేళకు తీసుకోవడమే పద్ధతి.

చాలామంది మరచిపోయేది పిడి సంగతి. తీగ కొనలు బయటికి పొడుచుకుని ఉంటే జరీ పోగులను పట్టి లాగుతాయి. కొనలను లోపలికి మడిచి, నూలు గుడ్డ పట్టీ నాలుగు చుట్లు చుట్టి, కొసను సూదితో కుట్టాలి. ఆ గుడ్డే అరచేతి చెమటను కూడా పీల్చుకుంటుంది. పెళ్లికూతురి రవికె గుడ్డలో మిగిలిన ముక్క అయితే చీరకు జోడు కుదురుతుంది.

బాసింగం చెప్పే కథ

కాగితపు పని పూలతోనే అయిపోదు. వధూవరుల నుదుట కట్టే బాసింగం కూడా ఈ కోవలోదే. అట్ట మీద బంగారు రంగు కాగితం, పూసలు, తళుకులు అంటించి దాన్ని చేస్తారు. ఒకప్పుడు బెండుతో చేసేవారు. చెరువుల్లో పెరిగే నీరుజీలుగ మొక్క కాండంలోని తెల్లని బెండు అందుకు శ్రేష్ఠం. బెంగాలు పెళ్లికొడుకు పెట్టుకునే టోపరం కూడా ఆ బెండుతోనే తయారవుతుంది. మన దగ్గర చెరువులు తగ్గి, బెండు ఏరేవారు తగ్గి, దాని చోటును థర్మోకోల్ ఆక్రమించింది.

ఆ థర్మోకోల్‌కు కూడా కాలం చెల్లింది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి నిషేధించినప్పుడు అలంకరణకు వాడే థర్మోకోల్‌ను కూడా ఆ జాబితాలో చేర్చింది. చట్టం వచ్చినంత మాత్రాన సరుకు మాయమైపోదనుకోండి. అయినా పెళ్లిమంటపాల వెనుక గుట్టలుగా పడే తెల్లముక్కలను పశువులు నమలడం చూసినవారికి కాగితానికి తిరిగి వెళ్లడం మంచి మాటగానే తోస్తుంది. కాగితం వానకు నాని మట్టిలో కలిసేదే. దాని మీద తళుకు ప్లాస్టిక్ అంటించకుండా ఉంటే ఇంకా మేలు.

చేతి కాగితం ఈ సీమకు కొత్త కాదు. నిజాం రాజ్యంలో పాలమూరు జిల్లా కోయిలకొండ చేతితో తీసిన కాగితానికి పేరుపొందింది. నూలు పీలికలను నానబెట్టి, దంచి, ఆ గుజ్జును చట్రంలో ఎత్తి ఆరబెట్టడం చేతి కాగితానికి ఉన్న పాత పద్ధతి. అలాంటి కాగితం సాగదు గనుక గులాబీలకు పనికిరాదు. ఆకులకు, పూల కింది దొన్నెలకు మాత్రం దాన్ని మించింది లేదు. పత్తి పండే నేలలో నూలు పీలికల కాగితంతో పెళ్లి పూలు చేసుకోవాలన్న కోరిక ఎవరికైనా కలిగితే అది అత్యాశేమీ కాదు.

లెక్కల పుస్తకంలో లేని కూలి

పెళ్లి లెక్కల పుస్తకంలో ప్రతిదానికీ పద్దు ఉంటుంది. పందిరికి ఇంత, బ్యాండుకు ఇంత, తమలపాకులకు ఇంత. కాగితం పూల కింద కాగితం ఖరీదు, తీగ ఖరీదు మాత్రమే కనిపిస్తాయి. అర మీటరు వెడల్పు, రెండున్నర మీటర్ల పొడవు ఉన్న ఒక మడత కాగితంలో ఇరవై గులాబీల దాకా వస్తాయి. ఆ లెక్కన గుత్తి దాదాపు ఉచితంగా వచ్చినట్టే అనిపిస్తుంది.

ఇప్పుడు రెండో లెక్క చూద్దాం. చేయి తిరిగిన మనిషికి ఒక గులాబీ ముగియడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఇరవై ఒక్క పూల గుత్తికి 168 నిమిషాలు. ఆకులు కోయడానికి, గుత్తి కట్టడానికి, పిడి కుట్టడానికి మరో గంటకు పైగా. అంటే ఒక గుత్తి సుమారు నాలుగు గంటల పని, చేలో సగం దినం కూలి. నాలుగు గుత్తులకు రెండు దినాల కూలి. అది పగలు చేసే పని కూడా కాదు. వంటలూ వడ్డనలూ అయి, పిల్లలు పడుకున్నాక, మేనత్తా వదినా చిన్నమ్మా లాంతరు వెలుగులోనో, బల్బు కిందనో కూర్చుని చేసేది.

ఇంటి పెళ్లికి ఇంటివాళ్లు చేసే దానికి కూలి కట్టమని ఎవరూ అనరు. అంటే ఆ ఆడవాళ్లే చిన్నబుచ్చుకుంటారు. చిక్కల్లా పక్కింటివారు, పై ఊరివారు వచ్చి తమ పెళ్లికీ చేసిపెట్టమన్నప్పుడు వస్తుంది. అడిగేవారు కాగితం ఖరీదు చేతిలో పెట్టి, పైన ఒక జాకెట్టు ముక్క ఇచ్చి బాకీ తీరిందనుకుంటారు. అదే గద్వాల బజారులో ప్లాస్టిక్ గుత్తిని చెప్పిన ధరకు మారుమాట్లాడకుండా కొంటారు. చేసినవారు మొహమాటంతో నోరు విప్పరు. గంటల లెక్క ముందే చెప్పి, కాగితం మీరే తెచ్చుకోండి అని కూలి వేరుగా అడగడం మొదలుపెడితే ఒకటి రెండు పెళ్లిళ్లదాకా ఊరు గొణుగుతుంది, ఆ తరవాత అలవాటు పడుతుంది. దర్జీకి బట్ట ఇచ్చి కుట్టుకూలి వేరే ఇవ్వడం లేదా?

పత్తి తీత ముగిసి, జాతర వెళ్లి, మాఘ ముహూర్తాలు రావడానికి నడుమ ఈ సీమలో ఆడవాళ్లకు చేల పని కొంత పలచబడుతుంది. చేతికి పని, చేతిలో డబ్బు రెండూ కావలసిన రోజులవి. నాలుగిళ్లవారు ఒకచోట కూర్చుని, ఒకరు రేకలు కోస్తే ఒకరు వంచితే ఒకరు కడితే, ఎనిమిది నిమిషాల పువ్వు అయిదు నిమిషాలకు దిగుతుంది. పొదుపు సంఘాల్లో కూడి పనిచేయడం ఎరిగిన ఊళ్లకు ఇది కొత్త పాఠం కాదు.

పెళ్లయ్యాక గుత్తి ఏమవుతుందన్నది కూడా చెప్పాలి. ఎండ తగిలే గోడకు వేలాడదీస్తే ఒక్క వేసవికే ఎరుపు గులాబి రంగులోకి, గులాబి రంగు తెలుపులోకి దిగిపోతుంది. గాజు అద్దాల బీరువాలో, దుమ్ము పడని చోట పెడితే కొన్నేళ్లు నిలుస్తుంది. దుమ్ము దులపడానికి తడిగుడ్డ పనికిరాదు, సైకిలు పంపుతో మెల్లగా గాలి కొట్టాలి. రేకలు మరీ మాసిపోతే కాగితం ఒలిచేసి తీగలు దాచుకుంటారు. ఇనుప తీగ ఎక్కడికీ పోదు. కొంచెం తుప్పు పట్టినా గరకు కాగితంతో రుద్దితే తేటపడుతుంది. అక్క పెళ్లికి గులాబీలైన తీగలే చెల్లెలి పెళ్లికి చామంతులవుతాయి.